కొత్త కంప్యూటర్ మీద నింద

కోరుట్లలో జలాలుద్దీన్ దుకాణానికి కొత్త కంప్యూటర్ వచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా రెండు ముద్దలు తిన్నది లేదు. వచ్చింది మామూలు కంప్యూటర్ కాదు, ఆల్ ఇన్ వన్. బల్ల కింద దుమ్ము తింటూ గుర్రుపెట్టే డబ్బా లేదు, కాళ్లకు చుట్టుకునే తీగలు లేవు. ఒక పెద్ద తెర, దాని కింద చిన్న పీట, అంతే. ఉన్న సామానంతా ఆ తెర వెనకే. కొడుకు ఫైజల్ జగిత్యాలలో కంప్యూటర్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. అతనే ఏరికోరి తెచ్చి, పాతదాన్ని గోనెసంచిలో కట్టి అటకెక్కించి, కొత్తదాన్ని బల్ల మీద నిలబెట్టి, పెండ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టినట్టు నాలుగడుగులు వెనక్కి జరిగి మురిసిపోయాడు.

మురిసింది అతనొక్కడే కాదు. తల్లి లతీఫున్నీసా దుకాణానికి వచ్చి చూసి, తుడవడానికి ఎంత సులువుగా ఉందో అని సంబరపడి, దుమ్ము పడకుండా కప్పడానికి దాని కొలతకు ఒక గలేబు కుట్టింది. మండిపడింది కూతురు నాహీద్. దుకాణంలో సగం పని ఆ పిల్లదే. పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, బడి పిల్లల గుర్తింపు కార్డులు అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఈ కంప్యూటర్‌కు సోకులు తప్ప సత్తువ లేదని ఆమె వాదన. పెద్ద ఫ్లెక్సీ తెరిస్తే చాలు, తెర మధ్యలో గుండ్రం తిరుగుతూ కూర్చుంటుంది. మధ్యాహ్నానికి వెనక భాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. పాత డబ్బా అయితే మూత తీసి మెమరీ పెంచుకోవచ్చు, దీనికి మూతే లేదు. రేపు తెర పోయినా, లోపల ఇంకేం పోయినా మొత్తాన్ని చంకన పెట్టుకుని జగిత్యాల పోవాలి. కార్డులు అచ్చేసుకునే దుకాణానికి పెండ్లికూతురు లాంటి కంప్యూటర్ ఎందుకని ఆమె అన్నను నిలదీసేది. పని చేతగానివాళ్లే పనిముట్టును తిడతారని ఫైజల్ ఎదురు తగిలేవాడు. దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అన్నానికి కూర్చున్న దగ్గర మొదలైన వాదం చేతులు కడుక్కున్నాక కూడా తెగేది కాదు.

జలాలుద్దీన్ కూతురి పక్షం చేరాడు. చేరడమే కాదు, ఆమె కంటే గట్టిగా తిట్టాడు. అక్షరం మసకగా కొడుతుందన్నాడు. రంగులు అబద్ధం చెబుతున్నాయన్నాడు. మౌస్ ఒకచోట పెడితే ఇంకోచోటికి ఉరుకుతుందన్నాడు. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్న మనిషి ఊరికే అనడు కదా అని నాహీద్‌కు ఇంకా బలం వచ్చింది.

అసలు సంగతి ఆయనొక్కడికే తెలుసు. కొత్త తెర మీద ఏముందో ఆయనకు కనిపించడం లేదు. ఆ మాటకొస్తే పాతదాని మీద కూడా చాలాకాలంగా కనిపించలేదు.

ఆయన తండ్రి దగ్గర కలం పట్టి ఉర్దూ రాత నేర్చినవాడు. చేతిరాత రోజుల్లో పెండ్లి కార్డయినా, మసీదు గోడ మీది ఖురాన్ ఆయతయినా, సమాధి రాయి మీది పేరయినా మెట్‌పల్లి దాకా జలాల్ భాయ్ చెయ్యి పడాల్సిందే. కంప్యూటర్లు వచ్చాక కలం పక్కన పెట్టి దాన్నీ నేర్చుకున్నాడు. ఉర్దూ, తెలుగు రెండూ కీబోర్డు వైపు చూడకుండా కొట్టేవాడు. ఆ చూడకుండా కొట్టే విద్యే తర్వాత ఆయన గుట్టును దాచిపెట్టింది.

షుగర్ ఎప్పుడో పట్టుకుంది. మాత్రలు గుర్తొచ్చిన రోజు వేసుకున్నాడు, గుర్తురాని రోజు మానేశాడు. మొదట ఎడమ కంటికి నడుమ పొగలాంటి మచ్చ తగిలింది. తర్వాత కుడి కంట్లో రంగులు ఉతికి ఉతికి వెలిసిన బట్టలా అయ్యాయి. మోకాలు నొప్పి అని చెప్పి స్కూటర్ మానేశాడు. కార్డు కోసం వచ్చినవాళ్లతో, పేర్లు మీరే చదవండి, నేను కొడతాను, రేపు తప్పు పోయిందని నా మీదికి రావద్దు అనేవాడు. జలాల్ భాయ్‌కి ఎంత జాగ్రత్త అని జనం మెచ్చుకున్నారు. పాత కంప్యూటర్‌లో ఏ పట్టీ ఎక్కడుందో, ఏ బొమ్మ మీద నొక్కితే ఏం తెరుచుకుంటుందో చేతికే తెలుసు. కన్ను పనిచేయని చోట అలవాటు పనిచేసింది. అచ్చయ్యే ముందు చివరిసారి చదివేది ఎలాగూ నాహీదే కాబట్టి, పోయిన తప్పులు అక్కడ ఆగిపోయేవి.

కొత్త కంప్యూటర్ వచ్చి ఆ ఏర్పాటునంతా ఒక్క రోజులో చెల్లాచెదరు చేసింది. అన్నీ కొత్త చోట్లకు జరిగాయి. చెయ్యి వెతుక్కుంటూ పోయేది, దొరికేది కాదు. సొంత ఇంట్లో ఎవరో సామానంతా మార్చిపెట్టినట్టు ఆయన ఆ తెర ముందు తడుముకున్నాడు.

చెప్పేస్తే పోయేది కదా అని మనకు అనిపిస్తుంది. ఆయనకూ అనిపించింది. చెబితే ఏమవుతుందో కూడా కనిపించింది, ఆ ఒక్కటి మాత్రం స్పష్టంగానే కనిపించింది. ఫైజల్ ఆ పూటే దుకాణం నుంచి ఇంటికి తీసుకుపోతాడు. లతీఫున్నీసా కూర్చుని ఏడుస్తుంది. ఆ తర్వాత వేళకు మాత్ర, వేళకు రొట్టె, వేళకు మంచం. వచ్చిపోయేవాళ్లు పలకరించి, పాపం అనుకుంటూ చెప్పులు తొడుక్కుంటారు. ఆయన భయమంతా దుకాణంలో తను కూర్చునే ఆ కుర్చీ గురించే. కుర్చీ నిలవాలంటే నింద ఎవరి మీదైనా పడాలి. నోరులేనిది కాబట్టి కంప్యూటర్ మీద వేశాడు.

ఫైజల్ ప్రతి శుక్రవారం దుకాణానికి వచ్చి ఏదో ఒకటి సవరించేవాడు. తెర వెలుతురు నాహీద్ కళ్ల వెంట నీళ్లు కారేంత పెంచాడు. అక్షరాలు గుమ్మడికాయలంత చేశాడు. తన దుకాణం మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చి చూపించాడు. అతను అంతా వెతికి, రంగుల్లో గానీ అక్షరాల్లో గానీ దోషం లేదని, కాస్త నిదానం తప్ప బండి బాగానే ఉందని తేల్చాడు. ఆ నిదానాన్నే నాహీద్ పట్టుకుంది. నిదానం నిజమే, వేడెక్కడం నిజమే, పని మధ్యలో బిగుసుకుపోవడం నిజమే. కూతురి నిజాల చాటున తండ్రి అబద్ధాలు హాయిగా తలదాచుకున్నాయి.

ఒక శుక్రవారం ఫైజల్ గలేబు సర్ది, తండ్రి వైపు తిరిగి అడిగాడు.

“అబ్బా, నీకు నచ్చంది మిషనా, నేను తెచ్చిన మిషనా?”

కొడుకు మనసు చివుక్కుమన్నదని ఆ గొంతులోనే జలాలుద్దీన్‌కు తెలిసింది. తెలిసీ ఊరుకున్నాడు.

అలాంటి రోజుల్లో కనకయ్య వచ్చాడు. కనకయ్యది మల్లాపూర్, రైస్ మిల్లులో హమాలీ. భార్య సుమిత్ర పోయిన వానాకాలం కామెర్లతో చనిపోయింది. ఏడాది నిండే నాటికి సమాధుల తోటలో ఆమెకు రాయి నిలబెట్టి, పాస్టర్‌ను పిలిచి జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకోవాలని అతని కోరిక. నల్లరాయి మీద పేరు ఒక్కటే కాదు, ముఖం కూడా ఉండాలన్నాడు. అలా ముఖం చెక్కే మిషన్ సిరిసిల్లలో భూమన్న దగ్గర ఉంది. ఫోటో శుభ్రం చేసి, పేరు, వాక్యం పేర్చి పంపితే, దాన్ని ఉన్నదున్నట్టు రాయి మీదికి ఎక్కిస్తాడు.

సుమిత్రకు ఒంటరిగా దిగిన ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఒకటుంది గానీ అందులో ఎవరో దొంగతనం అంటగట్టినట్టు బెదిరిపోయి ఉందని, ఆ ముఖం రాయి మీద చూడలేనని కనకయ్య అన్నాడు. కూతురు ప్రవళిక పెండ్లి ఆల్బమ్ లోంచి ఒక కాగితం ఊడదీసి తెచ్చాడు. కూలినాలి ఇండ్లలో మనిషి పోయాక మిగిలేది ఇలాంటి ఫోటోనే. ఎవరి పెండ్లిలోనో, ఎవరి పక్కనో నిలబడ్డప్పుడు తీసింది. ఆ గుంపులోంచి పోయినవాళ్లను కత్తిరించి, పక్కవాళ్ల భుజం చెరిపేసి, వెనక నీలిరంగు పోసి ఒంటరిగా నిలబెట్టడం జలాలుద్దీన్ దుకాణంలో ఎప్పుడూ ఉండే పని.

ఆ పూట నాహీద్ సిరా కోసం జగిత్యాల పోయింది. కనకయ్య కాగితం బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించాడు. నడుమ పెండ్లికూతురు, పెండ్లికొడుకు. పెండ్లికూతురి వైపు ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు సుమిత్ర, ఒకరు ఆమె చెల్లెలు భూదేవి. ఇద్దరివీ ఒకే పోలికలు, చీరలు కూడా ఇంచుమించు ఒకే రకం. ఎర్రచీర ఆమెది, ఇటుకరంగు చెల్లెలిది అని చెప్పాడు. జలాలుద్దీన్ తల ఊపాడు. కనకయ్య వేలు ఆయనకు కనిపించింది. వేలి కింద ఎవరున్నారో కనిపించలేదు.

కనకయ్య పోయాక ఫోటోను స్కాన్ చేసి కొత్త తెర మీద తెరిచాడు. ముక్కు తెరకు ఆనేదాకా వంగి చూశాడు. రెండు ఎర్రటి మచ్చలు, వాటి మీద రెండు చామనచాయ మచ్చలు. ఏది ఎరుపో ఏది ఇటుకరంగో ఎంత కళ్లు చిట్లించినా తెలియలేదు. నాహీద్ వచ్చేదాకా ఆగి అడగొచ్చు. అడిగితే, ఎరుపు కనిపిస్తలేదా అబ్బా అంటుంది. అప్పుడు ఆయన తనకు తాను ఒక లెక్క చెప్పుకున్నాడు. పెండ్లిలో తల్లి ఎక్కడ నిలబడుతుంది? బిడ్డ పక్కనే నిలబడుతుంది. అంతకంటే సరైన మాట లోకంలో ఏముంటుంది? పెండ్లికూతురి పక్కనే ఉన్న ముఖాన్ని కత్తిరించాడు.

ఆ దుకాణంలో ఒక నియమం ఉంది, పెట్టింది ఆయనే. పోయినవాళ్ల మనుషులు అచ్చు చూసి ఔననేదాకా ఏ ముఖమూ రాయి దగ్గరికి పోకూడదు. కార్డులో తప్పు పోతే ఇంకో కార్డు కొట్టొచ్చు, రాయిలో పోతే పోయినట్టే. ఈసారి ఆ నియమం తప్పాడు. కనకయ్యను పిలిస్తే పక్కన నిలబడి, కొంగు సరిచేయమంటాడు, బొట్టు మరక తీసేయమంటాడు, ఇక్కడ, అక్కడ అని తెర మీద వేలు పెడతాడు. అదంతా నాహీద్ ముందర జరుగుతుంది. మిల్లులో లోడింగ్ జోరుగా ఉంది, నువ్వు చేస్తే చాలు భాయ్ అని కనకయ్య చెప్పే పోయాడు. ఆ మాటను ఆసరా చేసుకుని ఫైల్ సిరిసిల్ల పంపేశాడు. వాళ్లకు చూపించినవా అబ్బా అని నాహీద్ అడిగింది. చూపించిన అన్నాడు. ఆ పిల్ల సుమిత్రను ఎన్నడూ చూసి ఉండలేదు. నమ్మింది.

ప్రార్థన రోజున కనకయ్య ప్రత్యేకంగా ఫోన్ చేసి రమ్మన్నాడు. నాహీద్ స్కూటీ మీద తండ్రిని మల్లాపూర్ తీసుకుపోయింది. రాయిని ముందురోజే సిమెంటుతో నిలబెట్టారు గానీ, పాస్టర్ చేతనే తెరిపించాలని మీది గోనెపట్టా తీయలేదు. తోట నిండా జనం. జలాలుద్దీన్ కనకయ్య గొంతు వినిపించిన దిక్కున నిలబడ్డాడు. పాట అయిపోయింది. పాస్టర్ వాక్యం చదివాడు. పట్టా తాడు విప్పుతున్న చప్పుడు వినిపించింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

పని బాగా కుదిరితే చూసినవాళ్లు కాసేపు అలాగే మూగబోతారు, ఆయనకు అది తెలుసు. పోయిన మనిషి ముఖం ఎదురుగా కనబడితే ఎవరికి మాత్రం మాట వస్తుంది? కళ్లు పోయినా చెయ్యి పోలేదని ఆయన లోపల్లోపల పొంగిపోయాడు. చొక్కా కాలరు కూడా సర్దుకున్నాడు.

అప్పుడు ముందు వరుసలోంచి ఒక ఆడగొంతు వచ్చింది. గట్టిగా లేదు, అరుపు కాదు.

“బావా, గది నేను.”

ప్రవళిక భోరుమన్నది. ఎవరో పట్టాను మళ్లీ రాయి మీద కప్పారు. ప్రభువునందు నిద్రించినది అనే అక్షరాల కింద, బతికున్న భూదేవి ముఖం. పాస్టర్ తడబడుతూనే ప్రార్థన ఎత్తుకున్నాడు. నాహీద్ తండ్రి ముంజేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. ఎవరూ ఏమీ వివరించకుండానే ఆయనకు అంతా అర్థమైంది.

కనకయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సుమిత్రకు ఫోటోలంటే సిగ్గు భాయ్, అందుకే అంచుకు జరిగి నిలబడ్డది, నేనే ఇంకోసారి చెప్పాల్సింది అని తన మీదే వేసుకున్నాడు. తిరుగుదారిలో ఊరు దాటాక, కంప్యూటర్ బిగుసుకుపోయినప్పుడు ఒక ముఖం బదులు ఇంకో ముఖం సేవ్ అయి ఉంటుందని నాహీదే అంది. తప్పించుకునే దారి అలా కూతురి నోటి నుంచే వచ్చింది. జలాలుద్దీన్ ఔననలేదు, కాదనలేదు. స్కూటీ వెనక కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి ఫైజల్ వచ్చాక ఇంట్లో ఇంతకు ముందెన్నడూ లేనంత గొడవ జరిగింది. ఇంతకాలం చెబితే విన్నావా, నీ సోకుల డబ్బా ఇవాళ ఒక ఇంటి పరువు తీసిందని నాహీద్ విరుచుకుపడింది. కంప్యూటర్ నిదానమైతే నిదానం కావచ్చు, దానంతటది ఒక మనిషిని వదిలి ఇంకో మనిషిని పట్టుకోదని ఫైజల్ మొండికేశాడు. అలా జరిగిందంటే దాని ముందు కూర్చున్నవాళ్లది తప్పు, దాని ముందు ఎక్కువగా కూర్చునేది నువ్వే అన్నాడు. నాహీద్ ఆ మాటకు లేచి వంటింట్లోకి పోయింది. ఇది వింటూ జలాలుద్దీన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కడుపున పుట్టిన పిల్ల తన తప్పును మోస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. అంత పిరికితనం తనలో ఉందని ఆయనకే తెలియదు.

తర్వాతి శుక్రవారం నమాజ్ అయి దుకాణం మళ్లీ తెరిచేసరికి కనకయ్య, భూదేవి వచ్చి ఉన్నారు. ఫైజల్ కూడా అక్కడే ఉన్నాడు. కొత్త రాయి ఖర్చంతా తమదేనని, భూమన్నతో మాట్లాడానని గబగబా చెప్పాడు. కనకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. మిషన్లన్నాక అలాగే అవుతుంది, జలాల్ భాయ్ తప్పేమీ లేదని ఊర్లో అందరికీ చెప్పానన్నాడు. తప్పు చేసినవాడి పక్షాన అతనే వకాలత్ పుచ్చుకున్నాడు. ఇక ఊరుకుంటే చాలు. కొత్త రాయి వస్తుంది, పాత రాయి పగిలిపోతుంది, కంప్యూటర్ కాస్త చెడ్డపేరు మోస్తుంది, కుర్చీ నిలుస్తుంది.

భూదేవి గోడవార వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చుంది. కొంగు చివర వేలికి చుట్టి విప్పుతున్న చప్పుడు జలాలుద్దీన్‌కు వినిపిస్తూనే ఉంది.

“నేను రాయి కోసం రాలే సాబ్” అంది. “ఒక్క మాట అడుగుదామని అచ్చిన. నా ముఖం గా రాయి మీదికి ఎట్ల పోయింది? మనిషి పెట్టిండా, దానంతటదే పోయిందా?”

ఆమే చెప్పుకొచ్చింది. ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదట. అక్క పిలుస్తున్నదని వాడకట్టులో గుసగుసలట. కొడుకు ఆమెను నాట్లకు పోనివ్వడం లేదు, బావి దగ్గరికి పోనివ్వడం లేదు, ఆటో ఎక్కనివ్వడం లేదు. ఎదురుపడ్డవాళ్లు పలకరించే తీరే మారిపోయింది, చివరిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. పాస్టర్ ధైర్యం చెప్పాడు గానీ, ఆయన ముఖం కూడా తెల్లబోయే ఉంది.

“మనిషి చేసిన తప్పయితే తప్పనుకుంట” అంది. “ఎవ్వరు చెయ్యకుండ గట్లనే అయిందంటే, నా దినాలు దగ్గర పడ్డయని దేవుడు చెప్పినట్టే గద. గది తెలిస్తే పిల్లలకు చెప్పుకునేది చెప్పుకుంట.”

మిషన్ దానంతటది చేయదమ్మా అని ఫైజల్ అన్నాడు. చేస్తుంది, బిగుసుకుపోతే ఏమైనా చేస్తుందని నాహీద్ అంది. ఇన్నాళ్లూ అన్నం దగ్గర ఆడుకున్న వాదమే, మళ్లీ అవే మాటలు. కానీ ఇప్పుడు ఆ ఇద్దరి నడుమ ఒక ఆడమనిషి తన చావు గురించి జవాబు కోసం కూర్చుని ఉంది. నాహీద్‌కే తన మాట చేదుగా తగిలిందేమో, మధ్యలో ఆపేసింది.

జలాలుద్దీన్ రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించాడు. నిందకు నోరులేని దాన్ని వెతికి పెట్టుకున్నాననుకున్నాడు. ఆ నింద పోయిపోయి ఈమె గుండెల మీద కూర్చుంది. తను నోరు విప్పకపోతే ఈ మనిషి బతికుండగానే రోజూ కొంచెం కొంచెం చస్తుంది.

“మిషన్ల ఏం తప్పు లేదమ్మా” అన్నాడు. “నాకు కండ్లు కనిపిస్తలేవు.”

నాహీద్ అబ్బా అంది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు.

“గీ కొత్తది రాకముందు సంది కనిపిస్తలేవు. మీ అక్క ఎవరో నువ్వెవరో నాకు తెల్వలే. తల్లి గద, బిడ్డ పక్కపొంటే నిలబడ్డదనుకొని పక్కనున్న ముఖం కోసిన. కనకయ్యను పిలిచి చూపియ్యలే, నా గుట్టు బయట పడతదని భయపడ్డ. దేవుడు చెప్పింది కాదమ్మా. నేను చేసింది. ఇప్పుడు నువ్వు నా ముంగటనే కూసున్నవు, నీ ముఖం నాకు కనిపిస్తలేదు.”

ఫైజల్ పక్కకు తిరిగి గోడకు చెయ్యి ఆనించాడు. తండ్రి ఇన్ని నెలలు ఎవరి మీద కోపం తీర్చుకున్నాడో, ఎందుకు తీర్చుకున్నాడో అతనికి అప్పుడు అందింది. నాహీద్ నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది. రోజూ పక్కనే కూర్చుని పనిచేస్తూ తను ఎందుకు పోల్చుకోలేదని ఆ పిల్ల కుమిలిపోతున్నట్టు ఆమె ఊపిరే చెప్పింది. జలాలుద్దీన్ తలవంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు. పడవలసినవే, పడనీ అనుకున్నాడు.

భూదేవి పొడవైన ఊపిరి ఒకటి వదిలింది. ఆ రాయి తెరిచిన రోజు నుంచి బిగబట్టినదంతా దాంతో పాటే బయటికి వచ్చింది.

“అంతేనా?” అంది.

ఇంకోసారి, ఈసారి ఏడుపూ నవ్వూ కలిసిపోయి, “అంతేనా సాబ్?” అంది. బావ వైపు తిరిగి, కండ్లు కనబడక అయిందట బావా, గంతేనట అని చెప్పింది. ఆ మాటను ఊర్లో ఎవరెవరికి చెప్పాలో అప్పుడే లెక్క వేసుకుంటున్నట్టు కొడుకు పేరు, పక్కింటివాళ్ల పేర్లు తలుచుకుంది. కనకయ్య తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆమె మంచినీళ్లు అడిగితే ఫైజల్ పరిగెత్తుకుపోయి తెచ్చి ఇచ్చాడు.

జలాలుద్దీన్ అన్ని నెలలు ప్రాణం కంటే ఎక్కువగా కాపాడుకున్న గుట్టు ఆ దుకాణంలో అలా చిన్న మాటయి పోయింది. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కనకయ్య తన సంచిలోంచి ఆ పెండ్లి ఫోటోను మళ్లీ తీశాడు. దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తటపటాయింపు జలాలుద్దీన్‌కు కళ్లతో పనిలేకుండానే తెలిసింది. ఆయన లేచి నిలబడి, కుర్చీని వెనక్కి జరిపి, “నాహీద్, కూసో బిడ్డా, పని చూడు” అన్నాడు.

నాహీద్ కదలలేదు. ఆయన మళ్లీ చెప్పాడు. అప్పుడు వచ్చి కూర్చుని, కనకయ్య చేతిలోని ఫోటో అందుకుని స్కాన్ చేసింది. కంప్యూటర్ ఎప్పటిలాగే నిదానంగా, తన గుండ్రం తను తిప్పుకుంటూ దాన్ని తెరుస్తోంది. ఈసారి దాన్ని ఎవరూ తిట్టలేదు.

వచ్చినవాళ్లు కూర్చునే బల్ల గోడవార ఉందని జలాలుద్దీన్‌కు తెలుసు. కానీ ఎన్ని అడుగుల దూరంలో ఉందో, ఎంత ఎత్తు ఉందో తెలియదు. ఇన్నేళ్లలో దాని మీద ఆయన ఒక్కసారీ కూర్చోలేదు. చెయ్యి చాచి గాలిలో వెతుకుతుంటే భూదేవి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. జాగ్రత్తగా నడిపించి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అక్కడి నుంచి తెర వైపు చూపిస్తూ, అంచుకున్నది మా అక్క, ఎర్రచీర, చెవులకు బుట్టలు, సిగ్గుపడి నవ్వుతున్నది అని నాహీద్‌కు చెప్పడం మొదలుపెట్టింది. జలాలుద్దీన్ తల వంచి విన్నాడు. సుమిత్ర ఎట్లా ఉండేదో ఆయనకు అప్పుడే మొదటిసారి తెలిసింది.